తోడు ఎలుక

కాలేయం చెడిన వాళ్లందరి ఇళ్లకూ ఆసుపత్రి ఒక తోడు ఎలుకను పంపే కాలం అది. రోగి రక్తంలో పేరుకునే విషమే దాని రక్తంలోనూ పేరుకుంటుంది. అది మరమరాల గిన్నెకు దారి మరిచిన రోజునే మనిషిని ఆసుపత్రికి తేవాలి, లేదంటే మెదడు దక్కదు. ఎలుకకు మాత్రం మందు పెట్టకూడదన్నారు.

పైడితల్లికి మనసొప్పలేదు. మొగుడు సూరప్పడికి మందు పోసినప్పుడల్లా ఎలుకకూ ఓ చుక్క నాకించింది.

ఈ పొద్దున కూడా ఎలుక తిన్నగా గిన్నె దగ్గరికి పరుగెత్తింది.

"సూడు మావా, ఎంత సురుగ్గా ఉందో! నీకింకేటీ బెంగ నేదు," అంది పైడితల్లి.

గుమ్మంలో నిలబడ్డ సూరప్పడు ఆమెకు దండం పెట్టాడు.

"మంచి కబురు సెప్పినావమ్మా. మా పైడితల్లి ఏ గదిలో ఉందో సూపిత్తావా? దానికీ సెప్పాల."