మెట్లు లేని కొండ

"మీరు రాసింది చాలా బాగుందమ్మా. ఒక్క తప్పుంది, అంతే."

ఫోన్‌లో ఆ మాట వినగానే ఆమెకు నవ్వొచ్చింది.

ఈ పాట ఆమెకు కొత్త కాదు. పర్యాటకుల వెబ్‌సైట్‌కి వ్యాసాలు రాస్తుంది. వేరే సైట్లవాళ్లు వాటికి లింకులిచ్చి, తమ పాఠకుల్ని ఇటు పంపేలా చూడటమే ఆమె ఉద్యోగం. తను కూడా వాళ్లకి ఇలాగే ఫోన్ చేస్తుంది. ముందు మెచ్చుకోలు, తర్వాత ఒక తప్పు, చివరికి "కాస్త మా లింకు పెట్టండి" అని గోకడం.

"మీది ఏ సైటండీ?"

"నాకు సైటేంటమ్మా! ఆ కొండమీదికి చక్రాల కుర్చీ వెళ్తుందని రాశారు. వెళ్లదు. చివర్లో మెట్లున్నాయి. ఆ ఒక్క ముక్క తీసేయండి."

ఆమె గతుక్కుమంది.

నిజానికి ఆ కొండ మొహం ఆమె చూడలేదు. ఎవరో రాసినదాంట్లోంచి ఎత్తి రాసింది. కానీ 'చక్రాల కుర్చీలో శిఖరం దాకా' అన్న ఆ ముక్కకే లింకులు వచ్చిపడ్డాయి. ఆసుపత్రులు, వృద్ధుల సంఘాలు కూడా ఇచ్చాయి. అది తీసేస్తే లింకులు పోతాయి, వాటి వెనకే ఉద్యోగమూ పోతుంది.

"కనుక్కుంటాలెండి," అని పెట్టేసింది.

కనుక్కోవడమంటే, వ్యాసం కింద పాఠకులు రాసినవి చదవడమే.

"నాన్నని పైదాకా తీసుకెళ్లాం. అక్కడి మనిషి ఎంత బాగా చూసుకున్నాడో!"

"పైనుంచి సూర్యాస్తమయం చూసి అమ్మ ఏడ్చేసింది. మీకు రుణపడి ఉంటాం."

ఆమె ప్రాణం కుదుటపడింది.

కొన్నాళ్లకు మళ్లీ అదే గొంతు, ఈసారి ఆయాసంతో.

"ఇంకా తియ్యలేదేంటమ్మా?"

"ఎందుకు తియ్యాలండీ? అందరూ హాయిగా వెళ్లొస్తున్నారు. మీ ఒక్కరికే మెట్లు అడ్డొచ్చాయా?"



"అవునమ్మా. మాకే అడ్డొచ్చాయి."

ఆమె ఆ నంబరు బ్లాక్ చేసింది.

"తప్పుల మాస్టారి పీడ విరగడైందక్కా," అంది పక్కసీటావిడతో.

ఆ తర్వాత వ్యాసం కింద రాతలు మారిపోయాయి.

"పచ్చి అబద్ధం. మెట్ల దగ్గర్నుంచే వెనక్కొచ్చేశాం."

లింకులు ఒక్కొక్కటే ఊడిపోసాగాయి. ఇక లాభం లేదని ఆమే బయల్దేరింది.

కొండ చివర మెట్లు నిటారుగా ఉన్నాయి. పక్కన ఇంకో దారంటూ లేదు.

"మరి ఇన్నాళ్లూ కుర్చీల్లో వచ్చినవాళ్లు పైకెలా వెళ్లారు బాబాయ్?" అని టిక్కెట్లిచ్చే పెద్దాయన్ని అడిగింది.

"ఒకాయన మోసేవాడమ్మా. కుర్చీ కనబడితే చాలు, ఎదురెళ్లి మనిషిని వీపున ఎక్కించుకునేవాడు."

"ఇక్కడ పనిచేసేవాడా?"

"పనా పాడా! గుండె జబ్బు మనిషి. ఊరుకో నాయనా అంటే వినేవాడు కాదు. 'రాసినమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను, దిద్దుతుంది. అందాకా ఆశపడి వచ్చినవాళ్లని ఉత్తినే పంపలేను' అనేవాడు. ఆమధ్య ఆ పైమెట్టు మీదే కూలిపోయాడు. మళ్లీ లేవలేదు."

ఆమె కింది మెట్టు మీద కూలబడి, ఫోన్ తీసి, ఆ ముక్క చెరిపేసింది.

"ఆయనకెందుకు బాబాయ్ ఇదంతా?" అడిగింది.

"ఆ రాత నమ్మి మొదట తన పెళ్లాన్నే తీసుకొచ్చాడమ్మా. ఆమె ఆఖరి కోరికట. 'నీ గుండె తట్టుకోదు, నన్ను మొయ్యొద్దు' అని ఒట్టేయించుకుని, ఇదిగో, నువ్వు కూర్చున్న ఈ మెట్టు దగ్గర్నుంచే ఆవిడ వెనక్కి తిరిగిపోయింది."