ముగ్గురి ఫొటో

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు.

సీతమ్మధారలో ఒక కెమెరాల కొట్టు. మెట్లెక్కుతూ ఎక్కుతూ నాగమణి మొగుడి చొక్కా పట్టుకుని ఆపింది.

"ఏవండీ, వెనక్కి పోదామండీ. నాకెందుకో భయంగా ఉంది."

"పాపకి మాటిచ్చాం కదే," అన్నాడు భీమశంకరరావు.

ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి గోదావరి జిల్లా నుంచి విశాఖ వచ్చిన సంసారం వాళ్ళది. ఒక్కతే కూతురు శ్రీసత్య. ఇంటర్ చదివేటప్పటి నుంచి ఆ పిల్లది ఒకటే కోరిక. మంచి కెమెరా కొనాలి. దాంతో అమ్మ, నాన్న, తను, ముగ్గురే ఉన్న ఫొటో ఒక్కటి తీసుకోవాలి.

అదేం పెద్ద కోరిక అనుకుంటారు. నాగమణికి పెద్దదే.

ముగ్గురు కలిసి ఫొటో దిగకూడదనీ, దిగితే మధ్యలోవాళ్ళు పోతారనీ మనవాళ్ళలో ఒక మాట ఉంది కదా. వినేవాళ్ళు నవ్వేస్తారు. నాగమణి నవ్వలేదు. ఆవిడ తమ్ముడు గోపి అక్కని చూడ్డానికొచ్చి, యారాడ బీచిలో ఇద్దరు స్నేహితుల మధ్య నిలబడి ఫొటో దిగాడు. స్టూడియోవాడు రీలు కడిగి ఫొటో చేతికిచ్చేసరికి గోపి లేడు. సముద్రం తీసుకుపోయింది.

అప్పట్నుంచి ఇంట్లో ఎవరు ఫొటో అన్నా సరే, తడిసిన జుట్టుతో గోపి వచ్చి మధ్యలో నిలబడ్డట్టే ఉండేది నాగమణికి. ఒక్కోసారి ఉప్పునీళ్ళ వాసన కూడా తగిలేది. గభాలున పక్కింటి గురువమ్మని కేకేసేది. నలుగురైతే దోషం లేదుగా! శ్రీసత్య అక్షరాభ్యాసం ఫొటోలో గురువమ్మ. పుట్టినరోజు కేకు దగ్గర గురువమ్మ. సింహాచలం కొండమీద కూడా గురువమ్మే.

"ఏటమ్మా, నాను లేకుండా మీరు ఫొటో దిగరేటి? సూసినోళ్ళు నన్ను మీ అత్తనుకుంటన్నారు!" అని గురువమ్మ దెప్పేది.

శ్రీసత్య పడీపడీ నవ్వేది. "ముగ్గురమే దిగుదాం అమ్మా. మధ్యలో నేనుంటాలే," అని ఉడికించేది. నాగమణి చటుక్కున ఆ పిల్ల నోరు మూసేసేది.

అదీ సంగతి. అందుకే ఆ మెట్ల మీద ఆవిడ వెనక్కి పోదామంది. అయినా లోపలికి వెళ్ళారు.

"ఏటి తీద్దారనుకుంటన్నారండీ? పక్షులా, పెళ్ళిళ్ళా?" అని అడిగాడు కొట్టు యజమాని కామరాజు.

"మా పాపని," అన్నాడు భీమశంకరరావు. "మాకు ఇందులో ఓనమాలు తెలీవు బాబూ. ఖరీదు చూడకు. మంచిది చూపించు. పాప చదువుకని దాచిన డబ్బే. చదువు అయిపోయింది."

"ఇప్పుడందరూ మిర్రర్‌లెస్ కెమెరాలే కొంటన్నారండీ."

"పాప అడిగింది డీఎస్ఎల్ఆర్."

"అయితే అదే తీసుకోండి. కానీ డబ్బంతా కెమెరా బాడీ మీదే పొయ్యకండి. లెన్సు మంచిది పెట్టుకోండి. పాప కుదురుగా ఉంటాదా, గెంతుతాదా?"

"కుదురుగానే ఉంటుంది."

"ఎక్కడ తీస్తారు?"

"ఇంట్లోనే. హాలు చిన్నది. ముగ్గురం పట్టాలి."

కామరాజు చేతిలో లెన్సు ఆగిపోయింది. "ముగ్గురేనా? ముగ్గురిని తీస్తానంటే మా యమ్మైతే సంపేస్తాదండీ!" అని నవ్వబోయి, నాగమణి మొహం చూసి మానేశాడు.

అప్పుడు నోరు విప్పింది నాగమణి. "అద్దం మీద వెలుగు పడి, మొహం కనబడకుండా పోతుందా బాబూ?"

"పాపకి కళ్ళజోడాండీ? ఏం పర్లేదు. ఫ్లాష్ వెయ్యకండి. కిటికీ వెలుగు పక్కనుంచి రానివ్వండి. స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి, ఎల్లి కూర్చోడమే. అయినా పాపని కూడా తీసుకురావాల్సిందండీ, సేత్తో పట్టుకుని సూసుకునేది."

"ఇంట్లోనే ఉంది బాబూ," అన్నాడు భీమశంకరరావు. "బయటికి రాదు."

ఇంటికొచ్చారు. కిటికీలోంచి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతోంది. భీమశంకరరావు గోడవారగా మూడు కుర్చీలు వేశాడు. నాగమణి వాటినే చూస్తూ నిలబడిపోయింది. గాలి లేకపోయినా కర్టెను కదిలింది. ఉప్పునీళ్ళ వాసన. మధ్య కుర్చీ కింద నేల తడిగా ఉన్నట్టు అనిపించింది.

"మధ్యలో నేను కూర్చుంటాను," అన్నాడు భీమశంకరరావు. "ఏదన్నా అయితే నాకే కానీ."

"వద్దు."

"పోనీ గురువమ్మని కేకేద్దామా?"

"వద్దు. ముగ్గురమే అని కదూ అడిగింది."

"మరి?"

"పాపని కూర్చోబెడదాం మధ్యలో."

కూతురు రెండుసార్లు దగ్గితే తెల్లార్లూ కన్ను మూయని తల్లి అన్న మాట అది! భీమశంకరరావు ఆవిడకేసి చూశాడు.

"మీరు పోతే నాకెవరున్నారండీ?" అంది నాగమణి.

అతను కెమెరా దగ్గరికి వెళ్ళాడు. కెమెరాలో చూసుకున్నాడు. టైమర్ నొక్కి, గబగబా వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. కెమెరా మీద ఎర్రదీపం కొట్టుకుంటోంది. నాగమణి కళ్ళు మూసుకోలేదు. ఎదురుచూసింది. గోపి రాలేదు. మధ్యలో వాడికి చోటు లేదు.

క్లిక్ మంది.

ఈ కథ మరిచిపోకండి, మీవాళ్ళకీ చెప్పండి, విన్నవాళ్ళెవరైనా అదెంత రాతిగుండె తల్లి అంటే మాత్రం ఇదీ చెప్పండి: ఆ ఫొటో కోసం నాగమణి గోడమీదున్న శ్రీసత్య పటం దించి, పూలదండ తన చేత్తోనే తీసి, మధ్య కుర్చీలో ఆనించి పెట్టిందని.