డెఫినెట్లీ నుంచి పర్‌హాప్స్ దాకా

రైలు కదిలిన రెండు నిమిషాలకే ఎడిత్ అడిగింది.

"ఏమండీ, ఇస్త్రీ పెట్టె ఆపారా?"

"డెఫినెట్లీ" అన్నాడు విల్‌ఫ్రెడ్.

పొద్దున టై ఇస్త్రీ చేసుకున్నది ఆయనే. ముప్ఫై ఏళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. తూకం వేసి గానీ మాట వదలడు. డెఫినెట్లీ అంటే కళ్లారా చూసినట్టు. సర్టెన్లీ అంటే మనసు గట్టిగా నమ్మినట్టు. ప్రాబబ్లీ అంటే పందెం కాయొచ్చు. పర్‌హాప్స్ అంటే ఇక దేవుడి దయ. ఈ నాలుగూ కలగలిపేసిన పిల్లల్ని మూల నిలబెట్టేవాడు.

ఇద్దరూ ఆయన అక్క హెస్టర్ ఇంటికి ఆదివారం భోజనానికి వెళ్తున్నారు. ఇప్పటికి రెండుసార్లు తప్పిపోయింది. "ఈసారి ఒంటిగంటకల్లా నా బల్ల దగ్గర లేకపోతే ఇక జన్మలో పిలవను" అని హెస్టర్ ఉత్తరం రాసింది. అన్నంత పనీ చేసే మనిషి. విల్‌ఫ్రెడ్‌కి అదే బెంగ.

"పోయినసారి కలిసినప్పుడు అక్క నీ టోపీని కాకిగూడు అంది. మనసులో పెట్టుకోకు" అన్నాడు.

"భలేవారే! పెద్దావిడ, ఏదో సరదాకి అంది" అంటూ ఎడిత్ ఒళ్లో కేకు డబ్బా సర్దుకుంది.

"బరువుగా ఉన్నట్టుంది, ఇటివ్వు."

"వద్దులెండి. మీరు కుదిపేస్తారు."

మొదటి స్టేషన్ వచ్చింది.

"ఆపడం మీరు కళ్లారా చూసుకున్నారా?"

విల్‌ఫ్రెడ్ ఆలోచించాడు. చెయ్యి స్విచ్ మీద ఉన్నప్పుడు కళ్లు గడియారం మీద ఉన్నాయి.

"సర్టెన్లీ ఆపాను" అన్నాడు, ఒక మెట్టు దిగి.

రెండో స్టేషన్ వచ్చింది.

"ఆపింది ఇవాళేనా? నిన్న కూడా చొక్కా ఇస్త్రీ చేశారుగా, అది గుర్తొస్తోందేమో?"

"ప్రాబబ్లీ ఇవాళే" అన్నాడు, నుదురు తుడుచుకుంటూ.

ఇంగ్లీషు మగవాళ్లతో ఇదే చిక్కు. ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగితే, గట్టిగా వాదించడం మర్యాద కాదని వాళ్లే తగ్గిపోతారు.

మూడో స్టేషన్‌లో ఎడిత్ ఏమీ అడగలేదు. కిటికీలోంచి చూస్తూ, "మన పరదాలు కొత్తవి కదూ" అంది.

విల్‌ఫ్రెడ్ లేచి నిలబడ్డాడు.

"పర్‌హాప్స్ ఆపానేమో. దిగు, దిగు!"

"అయ్యో, మరి మీ అక్కయ్యో?"

"కొంప అంటుకుంటుంటే అక్కయ్యేంటి!"

తిరుగు రైలు పట్టుకుని ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. ఇల్లు నిక్షేపంలా ఉంది. లోపల ఫోన్ మోగుతోంది. విల్‌ఫ్రెడ్ ఎత్తాడు, విన్నాడు, పెట్టేశాడు.

"ఇక జన్మలో పిలవదట" అన్నాడు. "డెఫినెట్లీ అంది."

"ఊరుకోండి. మన చేతుల్లో ఏముంది? మీరలా కూర్చోండి, ఇస్త్రీ పెట్టె సంగతి నేను చూస్తాను" అని ఎడిత్ డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

తలుపు దగ్గరగా వేసి, కేకు డబ్బా మూత తెరిచి, అందులోంచి ఇస్త్రీ పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.