మొహమాటంతో పాసైన యాప్

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా మందులపెట్టె యాప్ ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. ఆ యాప్‌ను ఊరి మీదికి వదిలేముందు పరీక్షించింది హైమవతి ఇంట్లోనే. అప్పుడే అది ఒకటికి రెండుసార్లు మొరాయించింది. కానీ కంపెనీ పిల్ల కాఫీ తాగుతూ, "తప్పులు రాస్తే నా ఉద్యోగం పోతుంది పిన్నిగారూ" అనేసరికి, హైమవతి మొహమాటపడి "బాగానే ఉంది" అని రాసిచ్చింది.

ఈ పూట అత్తగారికి ఆయాసం ముంచుకొచ్చింది. పెట్టె తెరుచుకోలేదు. హైమవతి ఫోన్‌లో మొత్తుకుంది.

"మీ ఇంట్లోనే పరీక్షించాం కదండీ, బాగుందన్నది మీరే" అంది యాప్, తీయగా.

హైమవతి రోకలి అందుకుని పెట్టెను మోదసాగింది. "ఆ రోజే ఉన్నమాట రాయాల్సింది అత్తయ్యా!"

"ఎలా రాస్తావే... ఇంటికొచ్చిన పిల్ల ముందు..." అంది అత్తగారు, అందని ఊపిరిని కూడదీసుకుంటూ.