తేడాల పట్టిక

ఫోను మోగింది. గంగారత్నం ఎత్తి, "చెప్పండి," అంది.

"నేను చెప్పేదేముందమ్మా, మీరే చెప్పాలి. ఎండు రొయ్యలకి డబ్బులేసి వారమైంది. రొయ్యా లేదు, జవాబూ లేదు," అంది కంకిపాడు నుంచి శివపార్వతి. "ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత మీ మీద కేసే."

గంగారత్నం ఆవిడ దగ్గర పైసా తీసుకోలేదు. ఎవరో ఆమె కొట్టు పేరు మీద, ఆమె కొట్టు ఫొటో పెట్టి, తమ సొంత ఫోను నంబరుతో ఒక సైటు తెరిచారు. డబ్బులు అక్కడ పడుతున్నాయి, తిట్లు ఇక్కడ పడుతున్నాయి.

విజయవాడ వన్‌టౌన్‌లో ఇరవై రెండేళ్లుగా ఆమెది ఎండుచేపల వ్యాపారం. సరుకు తడిస్తే మళ్లీ ఎండబెట్టుకోవచ్చు. పేరు తడిస్తే ఏ ఎండా చాలదు.

ఆ సైటు ఊళ్లోనే ఉన్న ఒక నెట్ కంపెనీ లైను మీద నడుస్తోందని కూతురు సత్యశ్రీ కనిపెట్టింది. కంపెనీకి మెయిలు పెట్టారు. రెప్పపాటులో జవాబొచ్చింది. 'మీ భద్రతే మా ఊపిరి.' ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆ ఊపిరి ఆడలేదు.

పదో రోజు గంగారత్నం స్వయంగా వెళ్లింది.

ఆఫీసు చల్లగా ఉంది. 'ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదులు' అన్న బోర్డు కింద అద్దాల కిటికీ, కిటికీ వెనక సాత్విక్ అనే ఉద్యోగి. అతని వెనక గోడమీద 'మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి' అన్న పోస్టరు. పోస్టరు మీద అతికించిన చీటీలో ఆఫీసు వైఫై పాస్‌వర్డ్.

"ఏది అసలో, ఏది నకిలీయో మాకెలా తెలుస్తుంది మేడమ్? తేడాల పట్టిక రాసివ్వండి," అన్నాడు సాత్విక్, తెల్ల కాగితం తోస్తూ.

ఆమె రాసింది. నకిలీవాడు నెత్తళ్ల చేపల పేరు కింద రొయ్యల బొమ్మ పెట్టాడు. కొరియర్లో పంపుతానంటాడు, మేము బస్సు పార్శిల్లో పంపుతాం. ఆదివారం సెలవంటాడు, మాకు ఆదివారమే అసలు బేరం.

"దీని కాపీ అవతలి వాళ్లకీ వెళ్తుంది మేడమ్. సంజాయిషీ అడగాలి గదా."

"దొంగకి తాళంచెవి పంపించి, ఎందుకు దొంగిలించావని అడుగుతారన్నమాట."

"రూలు మేడమ్."

మర్నాటి ఉదయానికి నకిలీ సైటులో నెత్తళ్ల కింద నెత్తళ్లే ఉన్నాయి. పార్శిలు బస్సెక్కింది. ఆదివారం కొట్టు తెరుచుకుంది.

గంగారత్నం మళ్లీ వెళ్లింది. సాత్విక్ సైటు చూశాడు, పట్టిక చూశాడు.

"తేడా ఏదీ లేదే మేడమ్? పరిష్కారమైనట్టు రాసేస్తాను. కొత్త తేడాలుంటే ఇవ్వండి."

కొత్తవి రాసిచ్చింది. అవీ మర్నాటికి మాయమయ్యాయి. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఆమె ఫోనుకి మెసేజి మాత్రం వచ్చింది.

"అమ్మా, నువ్వు చేసేది ఫిర్యాదు కాదు, ట్యూషను," అంది సత్యశ్రీ. "పుట్టి బుద్ధెరిగాక చేప మొహం చూడనివాడికి వారంలో వ్యాపారం నేర్పేశావు."

గంగారత్నం మూడోసారి వెళ్లినప్పుడు కాగితం ముట్టుకోలేదు.

"ఈసారి రాయనండి. కాపీ అటు పోతోంది. మీకొక్కరికే చెబుతాను, మీ దగ్గరే ఉంచండి."

సాత్విక్ పెన్నుకి మూత పెట్టి, కిటికీ దగ్గరికి జరిగాడు. "నా దగ్గర్నుంచి గడప దాటదు మేడమ్."

"మేం గంగమ్మను నమ్ముకుని బతికేవాళ్లం. ఫోనెత్తితే ముందు 'గంగమ్మ తల్లికి దండం' అంటాం. వాడు హలో అంటాడు. తెలిసినవాళ్లు పట్టుకునే తేడా ఇదొక్కటే మిగిలింది."

"మంచి పాయింటు మేడమ్," అన్నాడు సాత్విక్.

రెండ్రోజులాగి ఆమె కిటికీ దాటి నేరుగా మేనేజరు గదిలోకి నడిచింది. వెంకటకృష్ణారావు అనే ఆ పెద్దమనిషి సాత్విక్‌ని కూడా పిలిపించాడు. ఫైలు తిప్పి చూసి నిట్టూర్చాడు.

"చూడండమ్మా, ఇప్పటికి రెండుసార్లు పరిష్కరించాం. అది నకిలీ అని ఇవాళ తేల్చండి. లేదంటే ఈ ఫైలు మళ్లీ తెరవను."

"రేపటితో శివపార్వతి గారు పెట్టిన గడువు అయిపోతుందండి. కేసు నా మీద పడుతుంది."

"అందుకే రుజువు అడుగుతున్నా."

గంగారత్నం ఫోను తీసి బల్లమీద పెట్టింది. నకిలీ సైటులోని నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. రెండు రింగుల తర్వాత ఓ మగ గొంతు పలికింది.

"గంగమ్మ తల్లికి దండం. ఏం కావాలండి, నెత్తళ్లా, రొయ్యలా?"

ఆమె ఫోను పెట్టేసింది.

మేనేజరు పెదవి విరిచాడు. సాత్విక్ విచారంగా తల ఊపాడు.

"చూశారుగా సార్. అచ్చం మేడమ్ గారి కొట్లో అన్నట్టే అన్నాడు. ఈ ఒక్క తేడా కూడా పోయింది. ఇంక మనం మాత్రం ఏం చేస్తాం, ఫైలు మూసేద్దాం."

"మూసేద్దురుగాని," అంది గంగారత్నం, మేనేజరు వైపు తిరిగి. "మా కొట్లో ఫోనెత్తితే 'చెప్పండి' అనే అంటామండి, ఆ దండం మొన్న మీ సాత్విక్ గారి కోసమని నేను అప్పటికప్పుడు కల్పించింది."