ఎడమవైపు కిటికీ

“విమానం రెక్క పక్కన సీటు మాత్రం వద్దు పిన్నిగారూ. డబ్బులిచ్చి రేకు చూసి రావాలి.”

“మరి వెనకైతే?”

“వెనకైతే ఇంజను వేడికి కొండలన్నీ నీళ్ళలో ఉన్నట్టు వణుకుతాయి. రెక్కకి ముందు కూర్చోవాలి, ఎడమవైపు. పొద్దుటి విమానంలో ఎండ కుడివైపు నుంచొచ్చి కొండల మీద పడుతుంది. కొండదారి మలుపు మలుపూ విడిగా కనబడుతుంది.”

ఆమె బుద్ధిగా తల ఊపింది. ఈ సంగతులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అయినా కంటి ఆసుపత్రి నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు వారం వారం ఈ దుకాణం మెట్లెక్కుతుంది, అడిగిందే అడుగుతుంది. టికెట్లాయన విసుక్కోడు. ఆమె వచ్చేసరికి కుర్చీ తుడిచి ఉంటుంది, బల్ల మీద రెండు గ్లాసుల్లో టీ ఉంటుంది.

“నా వల్ల నీ పని పాడు బాబూ.”

“పనంటూ ఉంటే కదా పాడవడానికి! ఇప్పుడందరూ ఫోన్లలోనే కొనేసుకుంటున్నారు.”

ఆమె నవ్వింది. ఇంట్లో ఉంటే ఆ నవ్వూ లేదు. గోడలతో ఎంతసేపని మాట్లాడుతుంది?

ఆమె భర్త లారీ డ్రైవరు. బతికినన్నాళ్ళూ ఆ కొండదారి మీదే తిరిగాడు. ఇంటికొస్తే దాని కబుర్లే. “పై మలుపులో ఆగి కిందికి చూస్తే, దారపుండ చెయ్యిజారి దొర్లిపోయినట్టు ఉంటుందే దారి. ఓసారి నిన్నూ తీసుకెళ్తా,” అనేవాడు. తీసుకెళ్ళకుండానే పోయాడు. బస్సులో వెళ్తే ఒక్కో మలుపే కనబడుతుంది. ఆమెకు ఆ దారంతా ఒక్క చూపులో చూడాలని ఉంది.

“ఈసారి కొనేస్తాను,” అందామె డబ్బుల సంచీ మూతి విప్పుతూ. “పోయిన వారం పొగమంచన్నావు. అంతకు ముందు పెద్ద విమానం తీసేసి చిన్నది పెట్టారన్నావు. ఇంక ఆగలేను బాబూ.”

“అంత తొందరేమొచ్చింది?”

“చూడాలనుకున్నవేవో త్వరగా చూసెయ్యమ్మా అన్నాడు డాక్టరు. ఇప్పటికే నీ మొహంలో సగం నేను ఊహించుకుంటున్నదే.”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

“మళ్ళీ తిరుగు టికెట్టు ఎప్పటికి?”

“తిరుగెందుకు? అవతల మా చెల్లెలుంది. వస్తే ఉండిపొమ్మని ఎప్పట్నుంచో పోరుతోంది. ఇక్కడ నాకోసం ఏడ్చేవాళ్ళెవరున్నారు గనక!”

ఆయన కంప్యూటరు తెర కాస్త ఆమె వైపు తిప్పాడు. “ఎర్రవి నిండినవి, ఆకుపచ్చవి ఖాళీవి. మీరే చూసుకోండి.”

ఆమె కళ్ళు చికిలించి ముందుకు వంగింది. “అంతా బూడిద రంగే నాయనా. నువ్వే చూసి చెప్పు. నీ కళ్ళు వేరూ నా కళ్ళు వేరూనా?”

ఆయన తెర వైపు చాలాసేపు చూశాడు.

“ఎడమవైపు కిటికీలన్నీ అయిపోయాయి పిన్నిగారూ,” అన్నాడు చివరికి. “కుడివైపు ఉన్నాయి గానీ, అటు సముద్రం తప్ప ఇంకేం ఉండదు.”

“సముద్రం నేనేం చేసుకోను?” ఆమె సంచీ మూతి మళ్ళీ బిగించింది. “నా రాత అలా ఉంటే నువ్వు మాత్రం ఏం చేస్తావులే. వచ్చే వారం?”

“వచ్చే వారం తప్పకుండా చూద్దాం. టీ చల్లారకముందే వచ్చెయ్యండి.”

ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ ఆమె దిగింది. కిందికి చేరాక తలెత్తి, ఆయన నిలబడి ఉంటాడనుకున్న వైపు చూసి కేకేసింది. “నువ్వు కాబట్టి ఇంత ఓపిక! చల్లగా ఉండు నాయనా!”

ఆమె మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికొచ్చి రెండు గ్లాసులూ కడిగి బోర్లించాడు. ఆమె కూర్చున్న కుర్చీని మళ్ళీ బల్లకెదురుగా సర్దాడు. కంప్యూటరు ఆపేయబోతూ ఒక్క క్షణం ఆగాడు.

ఎడమవైపు కిటికీలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి.