బల్లత్త మాట

ఒక పశువుల పాకలో, చూరు కింద ఒక ముసలి బల్లి ఉండేది. బల్లి పలికితే నిజమేనని మనుషులు అనుకోవడం విని, పాకలోని జీవాలన్నీ అలాగే నమ్మాయి. సాలీడు ముగ్గులాంటి గూడు అల్లి చూపిస్తే బల్లి "చ్చు" అని చప్పరించేది. ఉడుత కట్టిన వేషానికీ అదే, పావురం పాటకీ అదే. ఎందుకు నచ్చలేదో ఎవరికీ చెప్పేది కాదు. చెబితే పెద్దరికం తగ్గిపోతుందని దాని భయం.

చిన్నబుచ్చుకుని ఒక్కొక్కటే పాక వదిలిపోయాయి. కట్టేసిన గేదె, రెక్క చిరిగిన ఒక కీచురాయి మాత్రం మిగిలాయి.

వాన వెలిసిన ఒక సాయంత్రం కీచురాయి వచ్చింది. "అత్తా, ఇదొక్కటి విను. బాగాలేదంటే ఇక పాడను" అని మొదలుపెట్టింది.

చిరిగిన రెక్క తగిలిన ప్రతిసారీ పాట జీరపోతోంది. ఆ జీర వింటుంటే, ఎప్పుడో తెగిపడి నేలమీద ఒంటరిగా కొట్టుకున్న తన తోక బల్లికి గుర్తొచ్చింది. ఆ సంగతి అది ఎవరికీ చెప్పుకోలేదు. ఇన్నేళ్లకు దానికి చాలా మాట్లాడాలనిపించింది. నోరు తెరిచింది.

"చ్చు" అని మాత్రమే వచ్చింది.

కీచురాయి రెక్కలు ముడుచుకుంది. "నిజమేలే అత్తా" అని గడ్డిలోకి దిగి వెళ్లిపోయింది.

అది కాదు, ఉండు అని పిలవబోయి బల్లి మళ్లీ మళ్లీ నోరు తెరిచింది. తెరిచిన ప్రతిసారీ ఆ చప్పుడే వచ్చింది. కింద నెమరేస్తున్న గేదె, విన్న ప్రతిసారీ "నిజం, నిజం" అని తలూపుతూనే ఉంది.